చీపురుకు గంటకెంత?

కిమ్ దగ్గర షెడ్డు ఉన్న ఒక సాంచాల యజమాని ముందు మూడు కొటేషన్లు ఉన్నాయనుకుందాం. రోజూ ఊడ్చి, తుడిచి, పాయిఖానాలు కడగడానికి నెలకు 36,000 అని ఒకరు రాసిచ్చారు. ఇంకొకరు 53,600 అన్నారు. మూడో ఆయన 58,000. అందరూ వచ్చి చూసింది ఒకే షెడ్డు, అడిగిన పని కూడా ఒకటే. మరి 22 వేల తేడా ఎక్కడిది? యజమానికి ముందుగా తోచేది, చివరి ఇద్దరూ దోచుకోవడానికి వచ్చారని. తరవాత తోచేది, 36 వేలవాడికే ఇచ్చి రెండు నెలలు చూద్దామని. బేరం సాధారణంగా అక్కడే ముగుస్తుంది.

ఈ యజమానినీ షెడ్డునూ లెక్క చెప్పడానికి నేనే కల్పించాను. ఊరు మాత్రం ఉన్నదే. సూరత్‌లో బరోడా వైపు వెళ్ళే బండి ఎక్కితే సాయణ్, కుడ్సద్ దాటాక, కోసంబాకు ముందు కిమ్ వస్తుంది. ఓల్పాడ్ తాలూకా. పక్కన పారే నదిదీ ఇదే పేరు. స్టేషన్ దిగి తూర్పుకు వెళ్తే కిమ్ చార్ రస్తా, అక్కడ 48వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. పిపోదరా దాకా రోడ్డు వెంట నూలు, మగ్గాలు, గోదాములు. సూరత్ నగరంలో స్థలం ఇరుకై, అద్దె భారమై, సాంచాలు ఇటువైపు జరుగుతూ వచ్చాయి. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. సూరత్‌లోనూ అదే మాట. లింబాయత్, ఉధనా, పర్వత్‌గాం, డిండోలి పేటల్లో కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. సాంచా మీద కూలికి వచ్చి, తరవాత సొంతంగా నాలుగు సాంచాలు వేసుకున్నవాళ్ళు వీళ్ళలో ఉన్నారు. నూలు కిలో ధర, మీటరు గుడ్డ ధర, కరెంటు యూనిట్ ధర వీళ్ళ నాలుక మీదే ఉంటాయి. శుభ్రం చేయించే పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత లెక్క తెలిసిన మనిషి కూడా పక్క షెడ్డు వైపు తిరిగి, “బావా, మీ దగ్గర అడుగుకెంత పడుతుంది?” అని అడిగి, ఆ అంకెనే పట్టుకుని బేరానికి దిగుతాడు.

చిక్కంతా ఆ ‘అడుగుకెంత’ దగ్గరే ఉంది. చదరపు అడుగు ధర ఉందన్నది నిజమే, కొటేషన్‌లో రాస్తారు కూడా. అయితే అది లెక్క మొదట్లో పుట్టదు. అంతా తేలాక వచ్చిన మొత్తాన్ని విస్తీర్ణంతో భాగిస్తే మిగిలే అంకె అది. 12 వేల అడుగుల ఖాళీ గోదాం ఒకటి, 12 వేల అడుగుల సాంచాల షెడ్డు ఒకటి పక్కపక్కన ఉన్నాయనుకోండి. గోదాంలో మనిషి పెద్ద చీపురు పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచిపోతాడు. షెడ్డులో సాంచాకూ సాంచాకూ మధ్య ఒక మనిషి పట్టే సందు ఉంటుంది. కింద నూనె చుక్కలు, అంచు కత్తిరింపుల దారపు ముక్కలు, ఖాళీ కండెలు. నడిచే యంత్రం పక్కన వంగాలి కాబట్టి చూసుకుంటూ ఊడ్వాలి. సూరత్‌లో ఎక్కువగా నేసేది పాలిస్టర్. పత్తి మిల్లులోలా పొట్టు మబ్బులా లేవదు గానీ, దారం చీపురు పుల్లలకు చుట్టుకుంటుంది, నూనె గచ్చుకు అంటుకుంటుంది. వాటర్‌జెట్ మగ్గాలైతే నేలంతా తడి. ఆ మనిషికే, ఆ చీపురుకే గోదాంలో గంటకు ఐదారు వేల అడుగులు సాగితే షెడ్డులో రెండు వేలు సాగడమే గొప్ప. రెండు చోట్లా అడుగుకు ఒకే ధర అడిగేవాడు ఒకచోట మోసం చేస్తున్నట్టు, ఇంకోచోట మోసపోతున్నట్టు.

అందుకని వృత్తి తెలిసిన కాంట్రాక్టరు షెడ్డు చూడటానికి వచ్చినప్పుడు టేపు ఒక్కటే తేడు, గడియారమూ చూస్తాడు. ఏ పనికి ఎన్ని నిమిషాలు, రోజుకు ఎన్నిసార్లు? ధరకు పునాది ఈ రెండు ప్రశ్నలే. ప్రపంచ శుభ్రతా వ్యాపార సంఘం ఐఎస్‌ఎస్‌ఏ దీని కోసమే ‘612 క్లీనింగ్ టైమ్స్’ అని ఒక పుస్తకం వేసింది. అద్దం తుడవడం దగ్గర నుంచి పెద్ద హాలు యంత్రంతో కడగడం దాకా 612 పనులకు పట్టే సమయాలు అందులో ఉంటాయి. అవి వాళ్ళ యంత్రాలతో, వాళ్ళ భవనాల్లో పట్టిన కొలతలు. కిమ్‌లో సాంచాల షెడ్డుకు వాటిని ఉన్నవున్నట్టు దింపితే లెక్క తప్పుతుంది. పద్ధతిని అక్కడి నుంచి తీసుకుని, నిమిషాలను మన షెడ్డులోనే కొలుచుకోవాలి.

మన షెడ్డును కొలుద్దాం. సాంచాల హాలు 8,000 అడుగులు, పై అంతస్తులో ఆఫీసు 1,500 అడుగులు, ముందు లారీలు ఆగే ఆవరణా మెట్లూ కలిపి 3,000 అడుగులు. పాయిఖానాలు ఎనిమిది. హాలును రెండు షిఫ్టులకూ ఒక్కోసారి ఊడ్వాలి. గంటకు 2,000 అడుగుల చొప్పున ఒక్కోసారికి 4 గంటలు, రోజుకు 8 గంటలు. ఆఫీసు ఊడ్చి, తుడిచి, బల్లల మీద దుమ్ము దులిపి, చెత్తబుట్టలు ఖాళీ చేయడానికి గంటన్నర. ఆవరణకూ మెట్లకూ ఒక గంట. పాయిఖానా ఒక్కోటి కడగడానికి 6 నిమిషాలు. ఎనిమిదింటికి 48 నిమిషాలు, రోజుకు మూడుసార్లు కాబట్టి 2 గంటల 24 నిమిషాలు. అన్నీ కలిపితే సుమారు 13 గంటలు.

ఇక్కడ ఒక్క క్షణం పాయిఖానాల దగ్గర ఆగాలి. ఎనిమిదీ కలిపినా 160 అడుగులు ఉండవు. మొత్తం విస్తీర్ణంలో నూటికి ఒకటింబావు వంతు. పనిగంటల్లో మాత్రం నూటికి 18 వంతులు. ఫినాయిల్, యాసిడ్, బ్రష్షుల ఖర్చు కూడా ఎక్కువగా అక్కడే. ‘అడుగుకెంత’ అని అడిగే యజమాని అసలు అడగవలసింది, ‘పాయిఖానాలు రోజుకు ఎన్నిసార్లు కడుగుతారు’ అని. మూడుసార్లను ఒకసారికి దించితే గంటన్నరకు పైగా పని మాయమవుతుంది. తక్కువ కొటేషన్లలో పనికి సంబంధించి మొట్టమొదట కోత పడేది అక్కడే. కాగితం మీద ‘డైలీ క్లీనింగ్’ అనే ఉంటుంది. అబద్ధమని కూడా అనలేం.

13 గంటల పనిని 8 గంటల షిఫ్టుతో భాగించి 1.6 మంది చాలనుకోవడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. 8 గంటల్లో చీపురు కదిలేది ఆరున్నర గంటలే. బట్టలు మార్చుకోవాలి, నీళ్ళు పట్టుకోవాలి, బకెట్ మోసుకుంటూ మెట్లెక్కాలి, అన్నం తినాలి, టీ తాగాలి. 13ను ఆరున్నరతో భాగిస్తే ఇద్దరు. షిఫ్టుకు ఒకరు. ఇద్దరనగానే లెక్క తేలిపోయిందనుకోకండి. షెడ్డు నెలలో 30 రోజులూ నడిస్తే, మనిషి వారానికో సెలవు తీసుకుని 26 రోజులు పనిచేస్తాడు. మిగతా నాలుగు రోజులకు ఎవరో ఒకరు రావాలి. వాళ్ళనే రిలీవర్లంటారు. 30ని 26తో భాగించి రెండుతో గుణిస్తే 2.31. అంటే రెండు పోస్టులు నిలబెట్టడానికి ఇద్దరి జీతం చాలదు, ఇంకో మనిషిలో మూడోవంతు జీతం కూడా కావాలి. కొటేషన్‌లో ‘ఇద్దరు’ అని రాసి ఉన్నప్పుడు అది ఇద్దరు మనుషులా, రెండు పోస్టులా అని తప్పకుండా అడగాలి.

ఇప్పుడు జీతం. నైపుణ్యం అక్కర్లేని పనికి గుజరాత్ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కనీస వేతనం కార్పొరేషన్ ప్రాంతాల్లో రోజుకు 452 రూపాయలు, మిగతా చోట్ల 441. ఆ పైన ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి ధరల సూచీని బట్టి కరువు భత్యం కలుస్తుంది. లెక్క తేలిగ్గా సాగడానికి మనం రోజుకు 500 అనుకుందాం. 26 రోజులకు 13,000.

సంస్థకు మనిషి పడే ఖర్చు 13,000తో ఆగదు. భవిష్యనిధికి యజమాని వాటా 12 శాతం, దానికి నిర్వహణ ఖర్చు, బీమా చెరో అర శాతం. మొత్తం 13 శాతం, అంటే 1,690. ఈఎస్ఐకి 3.25 శాతం, సుమారు 423. బోనస్ 8.33 శాతం, 1,083. దీన్ని దీపావళికి ఒక్కసారే ఇచ్చినా లెక్కలో నెలనెలా పక్కన పెట్టాలి. ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు, అదొక 650. గ్రాట్యుటీకి 4.81 శాతం, 625. ఈ 4.81 ఎక్కడిదని చాలామంది అడుగుతారు. ఏడాది నౌకరీకి 15 రోజుల జీతం ఇవ్వాలి. నెలకు పనిదినాలు 26. పదిహేనును ఇరవయ్యారుతో, ఆ వచ్చినదాన్ని పన్నెండుతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. అన్నీ కలిపితే 13,000 కాస్తా 17,470 అవుతుంది. రిలీవర్ల లెక్క కలిపితే ఒక్కో పోస్టుకు సుమారు 20,150, రెండింటికీ 40,300.

యజమానులకు అనుమానం వచ్చేది సరిగ్గా ఇక్కడే. ఊడ్చే మనిషిని పిలిచి, “చేతికెంత వస్తుంది?” అని అడుగుతారు. తన వాటా భవిష్యనిధి 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం పోగా చేతికొచ్చేది 11,340. తాను కట్టేది పోస్టుకు 26,800. సగానికి పైగా కాంట్రాక్టరు మింగేస్తున్నాడని తేల్చేస్తారు. మింగేవాళ్ళు లేరని నేననను. అయితే ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి తేల్చే విషయం కాదిది. పోస్టంటే ఒక మనిషి కాదు. కోసుకున్న భవిష్యనిధి ఆ మనిషి ఖాతాలోనే పడుతుంది. మధ్యలో బోనస్ ఉంది, సెలవు జీతం ఉంది. కాంట్రాక్టరు నిజంగా మింగుతున్నాడో లేదో తెలియాలంటే భవిష్యనిధి చలానా అడగాలి. అందులో ఈ షెడ్డులో పనిచేసేవాళ్ళ పేర్లు ఉన్నాయో లేవో చూస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది.

మనుషుల తరవాత వస్తువులు. ఫినాయిల్, పాయిఖానా క్లీనర్, నూనె మరకలకు డీగ్రీజర్, చీపుర్లు, తుడిచే గుడ్డలు, సంచులు: మన షెడ్డుకు నెలకు 3,500 వేద్దాం. డబ్బులు కారిపోయే చోటు ఇదే. చిక్కటి ద్రావణం డబ్బా కొని, సీసా మీద రాసిన పాళ్ళలో నీళ్ళు కలిపితే నెలంతా వస్తుంది. కళ్ళతో చూసి గుమ్మరిస్తే పది రోజుల్లో ఖాళీ. ఇరవై రోజులు ఒట్టి నీళ్ళు. వాసన రావడం లేదని యజమాని కోప్పడితే ఇంకాస్త ఎక్కువ గుమ్మరిస్తారు. ఫినాయిల్ వాసననే శుభ్రత అనుకోవడం మన జాడ్యాల్లో ఒకటి. దానికీ బిల్లు పడుతుంది. యూనిఫాం, బూట్లు, మాస్కులు, చేతి తొడుగులు 700. దారం ముక్కలూ పొట్టూ లాగడానికి 40 వేల వాక్యూమ్ యంత్రం నాలుగేళ్ళు నడుస్తుందనుకుంటే నెలకు 833, రిపేర్లతో కలిపి 1,200. ఎనిమిది చోట్ల పని చూసుకునే సూపర్‌వైజరుకు పెట్రోలుతో సహా నెలకు 20 వేలైతే మన వాటాకు 2,500. ఇంతవరకూ 48,200.

ఆ సూపర్‌వైజరు దగ్గర కొంచెం ఆగుదాం. బేరంలో, “ఆయనెందుకు, తీసేయండి” అనేది మొదట ఆయన్నే. సూరత్ చరిత్ర దానికి ఒప్పుకోదు. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో లక్షల మంది ఈ ఊరు వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు, అంటే సూర్యదేవర రామచంద్రరావు, ఊరిని ఏడాదిన్నరకల్లా గుర్తుపట్టలేనట్టు మార్చారు. ఆయన చేసిన పెద్ద మార్పుల్లో ఒకటి, అధికారులను రోజూ పొద్దున వీధిలో నిలబెట్టడం. ‘ఏసీ నుంచి డీసీ’ అనేవారు. ఏసీ గది వదిలి డెయిలీ చోర్స్, అంటే రోజువారీ పనుల్లోకి రమ్మని. చీపురు వెనక చూసే కన్ను పెట్టారు. దేశంలోని పరిశుభ్ర నగరాల వరసలో 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో పాటు మొదటి స్థానం పంచుకున్నది ఈ సూరతే. చూసే కంటికి జీతం దండగ అనుకునే షెడ్డులో మూడో నెలకల్లా మూలల్లో పొట్టు గూళ్ళు కడుతుంది.

ఇక కొటేషన్‌లో ఎక్కడా రాయని ఖర్చు ఒకటుంది. కాంట్రాక్టరు నెల దాటగానే ఏడో తారీఖులోపు జీతాలివ్వాలి. యజమాని బిల్లు కట్టేది నలభై ఐదు రోజులకో అరవై రోజులకో. సూరత్ గుడ్డల బజారంతా అరువు మీద నడుస్తుంది. ఊడ్చే కాంట్రాక్టరుకు ఒక్కడికి నగదు ఇస్తారని ఎలా అనుకుంటాం? 48,200 రూపాయలు రెండు నెలలు ఇరుక్కుపోతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ చొప్పున సుమారు 1,450. కలిపితే 49,650. దాని మీద 8 శాతం లాభం 3,970. మొత్తం 53,600 అయింది కదా, అదే రెండో కొటేషన్. 12,500 అడుగులతో భాగిస్తే అడుగుకు 4 రూపాయల 29 పైసలు. ‘బావా, అడుగుకెంత’ అన్న ప్రశ్నకు జవాబు ఇంత దూరం నడిచొస్తే గానీ దొరకలేదు. పక్క షెడ్డుకు ఈ జవాబు పనికిరాదు కూడా.

బిల్లు పదిహేను రోజుల్లో కడతానని యజమాని రాసిస్తే ఆ 1,450లో వెయ్యి రూపాయలు తగ్గించమని ధైర్యంగా అడగవచ్చు. జీతాల్లో కోయమని అడిగేదానికంటే ఇది మర్యాదైన బేరం. ఇద్దరికీ నష్టం లేదు.

పన్నుల సంగతి త్వరగా చెప్పుకుపోదాం. పై అంకెలన్నీ పన్ను కలపనివి. శుభ్రం చేసే సేవకు జీఎస్టీ 18 శాతం. 53,600 మీద 9,648. రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్యాక్టరీ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపి తన పన్నులో సర్దుకోవచ్చు. ఆసుపత్రికీ, చాలా అపార్ట్‌మెంట్ సంఘాలకూ ఆ వీలుండదు. అది నికరంగా చేతి నుంచి పోయే ఖర్చే. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న చిన్న కాంట్రాక్టరుకు జీఎస్టీ నంబరు అక్కర్లేదు. అతని బిల్లు తక్కువగా కనిపించడానికి ఒక న్యాయమైన కారణం అదీ కావచ్చు. కంపెనీ కాంట్రాక్టరైతే బిల్లులో 2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. 53,600లో అది 1,072. లాభమే 3,970 అయినప్పుడు అందులో పావు వంతుకు పైగా ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఆగిపోతుందన్నమాట. తరవాత తిరిగొస్తుంది, ఎదురు చూడాలి.

ఇప్పుడు 36,000 కొటేషన్ తీద్దాం. ఇది చదవడానికి పైకి వెళ్ళనక్కర్లేదు, కిందికి దిగుతూ పోవాలి. రెండు పోస్టులకు రిలీవర్లతో సహా ఒట్టి కనీస వేతనమే 30,000. దాని మీద భవిష్యనిధి, ఈఎస్ఐ 16.25 శాతం, 4,875. ఇక మిగిలింది 1,125. ఆ 1,125తో నెలంతా ఫినాయిల్, చీపుర్లు, బోనస్, సెలవు జీతం, వాక్యూమ్ యంత్రం, సూపర్‌వైజరు, వడ్డీ, లాభం అన్నీ రావాలి. రావు. కాబట్టి ఏదో ఒకటి ఉండదు. ఎవరి దగ్గర కోత పడిందన్నదే ఇక తేలాల్సింది. రోజుకు 500 బదులు 350 ఇస్తుండవచ్చు. ఒకే మనిషి చేత పన్నెండు గంటలు చేయిస్తుండవచ్చు. భవిష్యనిధి కడుతున్నామని బిల్లులో చూపి కట్టకపోవచ్చు. లేదా మనిషే సగం రోజులు రాకపోవచ్చు. చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ బాకీ అసలు యజమాని మెడకు చుట్టుకుంటుంది. భవిష్యనిధి బకాయిలకూ అంతే. నెలకు 17 వేలు మిగిలిందనుకున్న యజమాని నిజానికి అంత సొమ్ము అప్పు తీసుకుంటున్నాడు. ఎప్పుడు తీర్చాల్సొస్తుందో తెలియని అప్పు అది.

ఇది చిన్న షెడ్లలో మాత్రమే జరిగే వ్యవహారం కాదు. ప్రభుత్వ టెండర్లలో కూడా కాంట్రాక్టర్లు పోటీపడి సర్వీస్ ఛార్జీని సున్నా దాకా, పైసల్లోకి దించేవారు. లాభమే లేకుండా వందల మందిని పెట్టి పనిచేయించే దాతలు ఇంతమంది ఉన్నారా అని ఎవరైనా అడగాలి. చివరికి కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టులకు 3.85 శాతం కంటే తక్కువ సర్వీస్ ఛార్జీ వేయకూడదని అడ్డుగోడ కట్టారు.

ఒక పనికి మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. షెడ్డు వెనక సెప్టిక్ ట్యాంకు. ఒకరు ట్యాంకరు, పంపు, పైపు తెచ్చి ఒక ధర చెబుతారు. ఇంకొకరు, “ఇద్దరు మనుషుల్ని దింపుతాం సేఠ్, సగంలో అయిపోతుంది” అంటారు. ఆ రెండో మాటకు బేరం ఉండకూడదు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చనిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ చట్టం వెనక ఉన్న పోరాటంలో కోలార్ బంగారు గనుల కాలనీలో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ముందు వరుసలో ఉన్నారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఊడ్చే పని, కడిగే పని ఇంత చౌకగా ఉండటానికి గిరాకీ సరఫరాల లెక్క చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు. ఈ పని ఫలానా వాళ్ళే చేయాలని, ఎంతిస్తే అంత పుచ్చుకోవాలని ఊళ్ళు ఎప్పుడో తీర్మానించుకున్నాయి. కొటేషన్‌లో కోత ముందుగా జీతం దగ్గరే పడటానికి మూలం అక్కడుంది.

ఇక దీపావళి. ఆ పండగకు సూరత్ సాంచాలు ఆగుతాయి. కార్మికులు ఊళ్ళకు పోతారు. దీపావళి తరవాత వచ్చే లాభ్ పాంచమ్‌కు ముహూర్తం చేసి తెరిచేవాళ్ళు తెరుస్తారు, కార్మికులు తిరిగి రాక ఇంకా ఆలస్యమయ్యేవీ ఉంటాయి. యంత్రాలు ఆగిన ఆ కొద్ది రోజుల్లోనే పైకప్పు దూలాలు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు, సాంచాల అడుగున ఏడాదిగా పేరుకున్న నూనె జిడ్డు అన్నీ తీయించాలి. అందరికీ ఒకే వారంలో మనుషులు కావాలి. ఊడ్చే మనుషులు కూడా పండక్కి ఊరెళ్ళేవాళ్ళే. అందుకే ఆ వారం ధర మామూలు లెక్కకు అందదు. పైగా అది ఎత్తు మీది పని. పరంజా అద్దె, నడుముకు కట్టే బెల్టు, కింద పట్టుకునే మనిషి, అన్నీ అదనం. ఆఫీసు ఊడ్చే ధరకు దూలాలు ఎక్కమంటే ఎవరూ ఎక్కకూడదు. బేరం చేయదలచినవాళ్ళు రాఖీ పండగ నాటికే మాట్లాడి పెట్టుకోవడం మేలు. నవరాత్రి దాటాక ఫోన్ చేస్తే అవతలివాడు నవ్వుతాడు.

మూడో కొటేషన్ 58,000 ఎందుకన్నది మిగిలింది. వివరం అడిగితే అర్థమైంది. మూడు నెలలకోసారి దూలాల మీది పొట్టు దించే పని అందులో కలిపేశాడు. విడతకు 13,200, నెలకు 4,400. అది తీసేస్తే రెండో ఆయనదీ ఇతనిదీ ఒకటే ధర. పొట్టు పేరుకున్న పైకప్పు కింద ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో షెడ్లు నడిపేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. నన్నడిగితే ఆ పని కావలసిందే. అయితే నెల బిల్లులో కలిపేస్తే చేశారో లేదో ఎవరికీ గుర్తుండదు. విడిగా రాయించుకుని, చేసిన నాడు విడిగా కట్టాలి.

అదే కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: వేస్ట్ మేము తీసుకుంటే నెలకు 3,000 తగ్గిస్తాం. ఊడ్చినప్పుడు వచ్చే అంచు కత్తిరింపులకు, నూలు ముక్కలకు సూరత్‌లో కొనేవాళ్ళున్నారు. చాలాచోట్ల ఆ డబ్బు సూపర్‌వైజరుకో, వాచ్‌మన్‌కో, ఊడ్చే మనిషికో టీ ఖర్చుగా పోతూ ఉంటుంది. ఎవరూ అడగరు. మూడు వేలు తగ్గుతుందని సంతకం పెట్టే ముందు ఒక వారం పాటు ఆ బస్తాలను ఇనప కాటా మీద పెట్టి చూడాలి. నూనె తగిలినవి, తడివి ఒక ధర, పొడివి ఇంకో ధర. బస్తాకు ఎన్ని కిలోలు తూగుతుందో, కిలో ఎంతకు పోతుందో తెలిశాక ఆ వాక్యం కింద రాయాల్సిన అంకె మూడు వేలా, ఐదు వేలా, వెయ్యా అన్నది ఆ కాటాయే చెబుతుంది.